తిప్పక్క వేలిముద్ర

మాబాషా పది కంపెనీలకు దరఖాస్తు పెట్టాడు. పది కంపెనీల్లో ఒక్కటీ పలకలేదు.

అన్నీ పెళ్ళిళ్ళు, సభలు, పెద్ద పెద్ద వేడుకలు జరిపించే ఈవెంట్ కంపెనీలే. వాడికి ఆ పనంటే ప్రాణం. గుట్టమీది దర్గాలో మూడేళ్ళుగా ఉరుసు పనులు నెత్తిన వేసుకుని తిరుగుతున్నది వాడే. పదివేల మంది వచ్చి, తిని, మొక్కుకుని, నవ్వు మొహాలతో గుట్ట దిగిపోతారు. అల్లా దయ, అక్కడి గోరీలో ఉన్న వలీ చలువ. అందులో తన చెయ్యీ కొంత ఉందని మాబాషా గట్టి నమ్మకం. మరి నమ్మకం ఉండొద్దా? మీరే చెప్పండి.

పదకొండోది హైదరాబాదు కంపెనీ. ఒక్కటే షరతు పెట్టారు. మీ పనిని కళ్ళారా చూసినవారి చేత సంతకం పెట్టించి పంపాలి. గడువు శనివారం సాయంత్రం ఐదు గంటలు.

ఇదీ పోతే ఒకటో తారీఖు నుంచి మేనమామ ఇటుకబట్టీలో పని. మేనమామ ముందే అనేశాడు: "పండగలు చేసేదానికి జీతమెవుడిస్తాడప్పా?"

ఉరుసు గురువారం ముగిసింది. శనివారం పొద్దున్నే మాబాషా తెల్లగా మెరిసే కాగితం పట్టుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు. నూరుల్లా హజరత్ గోరీ గుమ్మంలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతున్నారు.

"హజరత్, ఒక సంతకం."

ఆయన కాగితం అందుకుని నిదానంగా చదివారు. కంప్యూటర్లో కొట్టించిన మూడు వాక్యాలు. పదివేల మందికి భోజన ఏర్పాట్లు చేశాను. ఎకరా స్థలంలో పందిళ్ళు, వేదిక వేయించాను. జనసందోహాన్ని ఒంటిచేత్తో అదుపు చేశాను.

చదివి, కాగితం తిప్పారు. వెనకపక్క ఖాళీగా ఉంది. అట్టడుగున ఒక మూల పెన్నుతో చిన్న చుక్క పెట్టారు.

"నా సంతకం ఇక్కడ. పైనంతా చోటుంది. చూసినోళ్ళ చేత పెట్టించుకుని రా."

"మీరు చూళ్ళేదా హజరత్?"

"ఉరుసు మూడు దినాలూ నేను గోరీ కాడ కళ్ళు మూసుకుని కూచునుంటా. నీకు తెలీదా బేటా?"

నిజమే. ఆ దర్గాలో పీరు ఆచారం అది. ఉరుసు మూడు రోజులూ ఆయన కళ్ళు లోకాన్ని చూడవు. కంపెనీవాళ్ళేమో కళ్ళారా చూసినవారు అని రాశారు. మాబాషా కాగితం తీసుకుని గుమ్మం దిగాడు.

వంటశాల దగ్గర రజాకు పెద్ద దేగిశాను బోర్లించి తోముతున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఉరుసు వంట ఆయనదే. మాబాషా మొదటి వాక్యం చదివి వినిపించాడు.

రజాకు పీచు కింద పెట్టాడు. "పదివేల మందికి నువ్వు చేస్తివా? మరి నా నడుమెందుకు పట్టిందిరా?"

"ఏర్పాట్లు అని రాసినా చిచ్చా. వంట అన్లే."

"ఎర్రగడ్డలు కోసినోళ్ళు, కట్టెలు మోసినోళ్ళు, నీళ్ళు పట్టినోళ్ళు, వాళ్ళ ఏర్పాటు ఎవరిది? కొట్టెయ్ దాన్ని."

మాబాషా ఆ వాక్యం కొట్టేశాడు. తిరిగి పోబోతే రజాకు ఆపాడు.

"ఉండు. నువ్వు చేసింది ఒకటుండాది. ఉరుసుకొచ్చేటోళ్ళలో సగం మంది మాంసం ముట్టనోళ్ళే. వాళ్ళ అన్నం పొయ్యి గాలికి ఎదురుగా, అవతల పెట్టమంటివి. మన పొగ వాళ్ళ మీదికి పోకూడదంటివి. ముప్పై ఏండ్లలో నాకు తట్టని మాట అది. మాంసం వాసన పడని మా ఓబుల్రెడ్డి ఈసారి మూడుమార్లు పెట్టించుకుని తిన్నాడు. అది రాయి. సంతకం పెడతా."

మాబాషా కాగితం వెనకపక్క రాశాడు. రజాకు తడిచెయ్యి లుంగీకి తుడుచుకుని, వంకరటింకరగా సంతకం పెట్టాడు.

మైదానంలో ఓబులేసు పందిరి గుడ్డలు చుట్టిస్తున్నాడు. టెంటుహౌసు ఆయనది, పిలుపుకు మామ. రెండో వాక్యం విన్నాడు.

"ఎకరా పందిరి వేస్తివా అల్లుడా? గుంజకు ఒక్క తాడన్నా కట్టినావా?"

"వేయించాను అని రాసినా మామా."

"వేయించింది నా పిల్లోళ్ళ చేత నేను. కొట్టెయ్." కొట్టేసేదాకా చూశాడు. తర్వాత అన్నాడు: "ఆడోళ్ళ పందిరికి కొలత నువ్వు తప్పు చెప్పినావు. గుర్తుండాదా? ముప్పై అడుగులు చాల్లేదు. అందరూ నన్ను తిట్టబోతే, తప్పు నాది, ఓబులేసు మామది కాదు అని మైకులో చెప్తివి. మైకులో రా. యాభై పెండ్లిండ్లు చేస్తా నేను ఏడాదికి. తప్పు నా మీదికి తోయనోడిని నిన్నొక్కడినే చూసినా. అది రాయి."

"ఉద్యోగం దరఖాస్తులో తప్పు చేసినానని రాసుకుంటారా మామా?"

"అయితే పో. నా సంతకం లేదు."

మాబాషా ఎండలో నిలబడ్డాడు. పన్నెండు దాటింది. ఉరుసులో గంధం రోజు ఆ మైకు ముందు కూడా ఇలాగే నిలబడ్డాడు. చివరికి కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాడు: కొలత నేను తప్పు చెప్పాను.

ఓబులేసు సంతకం అందరికంటే పెద్దది.

మిగిలింది చెప్పుల కాడ తిప్పక్క. పదివేల మంది చెప్పులు ఆమె చేతుల మీదుగానే పోతాయి, వస్తాయి. చదువు రాదు, మాట మాత్రం చురుకు.

"చదువు నాయనా, ఇంటా."

"జనసందోహాన్ని ఒంటిచేత్తో అదుపు చేశాను."

"ఒంటిచేత్తోనా?" తిప్పక్క వాడిని ఎగాదిగా చూసింది. "రెండో చేతికేమైంది?"

చుట్టూ ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. మాబాషా ఆమె చెప్పకముందే ఆ వాక్యం కొట్టేశాడు.

"గంధం దినం గుర్తుండాదా నీకు?" అంది తిప్పక్క. "మిట్టమధ్యాన్నం. నువ్వు చెప్పులిడిచి నాలుగడుగులేసినావు. ఐదో అడుక్కి కోడిపుంజు మాదిరి ఎగిరినావు. బండ అంత కాలతాండె."

"ఎగిరినానా?"

"ఎగిరినావు. నేను నవ్వుకుంటి. నువ్వు పరిగెత్తి గోనెసంచులు తెచ్చి, తడిపి, ఈడ నుంచి గోరీ దాకా పరిచినావు. ఎండే కొద్దీ నీళ్ళు చల్లుతానే ఉంటివి. ముసిలోళ్ళు, సంకన బిడ్డల్నెత్తుకున్నోళ్ళు ఆ సంచుల మీద నడిచి పోతాంటే, నాయనా, నేను ఈడ కూచోనే ఆ వలీకి దండం పెట్టుకుంటి. నిన్ను చల్లగా చూడమని."

మాబాషాకు అదీ ఒక పనేనని తట్టనే లేదు. రాస్తుంటే అక్షరాలు కాస్త అలుక్కుపోయాయి. చెమటే అనుకుందాం.

తిప్పక్కకు సంతకం రాదు. సిరా లేదు. లేచి వంటశాలకు పోయి, రజాకు తోమకుండా వదిలిన దేగిశా అడుగున బొటనవేలు రుద్దుకుని వచ్చింది. కాగితం నడిమధ్యన నల్లగా గట్టిగా ఒత్తింది.

హజరత్ ఆ కాగితం ముందుపక్క చూశారు, అన్నీ కొట్టివేతలు. వెనకపక్క చూశారు. చుక్క పెట్టిన చోట సంతకం చేసి ఇచ్చేశారు.

నాలుగున్నరకు మాబాషా ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లో ఉన్నాడు. సెంటరతను కాగితం చూసి ముక్కు చిట్లించాడు.

"ఏం గలీజుగా ఉందన్నా. నీ పాత పేజీ నా దగ్గర ఉంది. ఈ కింది సంతకం ఒక్కటి కత్తిరించి దానికింద అతికిస్తా. రెండు నిమిషాల పని. ఎవరికీ తెలీదు."

మాబాషా తెర మీది తెల్లని పేజీ వంక చూశాడు. అందంగా ఉంది. చేతిలోని మసి కాగితం వంక చూశాడు. గడియారం వంకా చూశాడు.

"వద్దు," అన్నాడు. పెన్ను తీసి మసి కాగితం పైనే తన పేరు, ఫోన్ నంబరు రాశాడు. "ఈ పక్కే పంపు. వేలిముద్ర బాగా కనబడాల."

బుధవారం ఫోన్ మోగింది. కంపెనీ మేడమ్.

"ఈ తడి గోనెసంచుల ఆలోచన మీకు ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇయ్యలేదు మేడమ్. కాళ్ళు కాలినాయి."

అవతల ఏదో రాసుకుంటున్న చప్పుడు.

"ఆ కొలత తప్పు?"

"నాదే మేడమ్."

"ఈ నల్ల వేలిముద్ర ఎవరిది? మీ పై అధికారా?"

"అవును మేడమ్. మా తిప్పక్క. చెప్పుల కాడ ఉంటాది. వచ్చేటోళ్ళను ముందుగా చూసేది ఆమె. పోయేటప్పుడు కడాన చూసేదీ ఆమే."

"ఇంటర్వ్యూకి ఎప్పుడు రమ్మంటారు?" అని మాబాషాయే అడగాల్సి వచ్చింది.

"ఇంటర్వ్యూ అయిపోయింది," అంది మేడమ్. "ఒకటో తారీఖున పనిలోకి రండి."

ఆ వార్త గుట్ట ఎక్కేసరికి తిప్పక్క చెప్పుల కాడ లేదు. బొటనవేలు పైకెత్తి పట్టుకుని దర్గా అంతా తిరుగుతోంది. "ఈ వేలే. హైదరాబాదు పోయి ఉద్యోగం తెచ్చింది," అని వచ్చినవాళ్ళకల్లా చూపిస్తోంది. మసి ఎప్పుడో పోయింది. అయినా చూసినవాళ్ళందరూ కళ్ళకద్దుకున్నారు. రజాకు ఆ రోజు ఎవరూ అడక్కుండానే తీపన్నం వండాడు. ఓబులేసు, తన సంతకమే పెద్దదని ప్రతివాడికీ గుర్తు చేశాడు.

ప్రయాణం రోజు మాబాషా గోరీకి చాదర్ కప్పి, ఫాతెహా చదివించి, హజరత్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆయన వాడి కాళ్ళ వంక చూశారు. వాడు గుమ్మం బయట, తిప్పక్క ముందు విడిచి వచ్చిన కొత్త బూట్ల వంక చూశారు. నల్లగా తళతళలాడుతున్నాయి.

"కొన్నావా?"

"కొన్నా హజరత్. ఉద్యోగానికి కావాలంట."

"మంచిది బేటా," అన్నారు నూరుల్లా హజరత్. "అప్పుడప్పుడు విడుస్తా ఉండు."