పాదరసపు కొలను

వెనుకటికి కొండల నడుమ రత్నకూటమనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే గజాంకదేవుడికి చావంటే మహా భయం. అది బయటపడకుండా, "యముడు నా కోట గుమ్మం తొక్కలేడు" అని నిండు కొలువులో డంబాలు పలికేవాడు.

పాదరసం చావును దరి చేరనివ్వదన్న ఎవడో రసవాది మాట నమ్మి, కిటికీలు లేని మందిరంలో కొలను తవ్వించి పాదరసంతో నింపించాడు. గట్టున దివిటీలు వెలిగించుకుని, ఆ వేడిలో పొద్దస్తమానం అక్కడే కూర్చునేవాడు. నీరులా కదిలే ఆ లోహంలో చేయి పెడితే తడి అంటేది కాదు. రాజుగారి బంగారు ఉంగరం మాత్రం తెల్లగా పాలిపోయింది.

"చూశారా, మృత్యువు ఎలా తెల్లబోయిందో!" అని ఆయన మురిసిపోయాడు.

కొన్నాళ్ళకు మందిరంలోని చిలకలు పంజరాల్లోనే చచ్చి పడ్డాయి. కావలివాళ్ళ చేతుల్లో బల్లేలు వణకసాగాయి. గోడల్లోంచి ఎవరో గుసగుసలాడుతున్నారని రాజు ఉలిక్కిపడేవాడు. కొలనును తప్పుపట్టినవాణ్ణి అందులోనే ముంచి చంపిస్తానని చాటింపు వేయించాడు.

ఆస్థానంలో చమత్కారి అయిన పేరిశాస్త్రికి ఆ వణుకు బాగా ఎరుకే. అతని మేనమామ పాదరసంతో గుడి కలశాలకు బంగారు పూత పూసేవాడు. ఆ ఆవిరి పీల్చి పీల్చి చివరికి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేక, గోడలతో మాట్లాడుతూ పోయాడు.

ఒకనాటి ఉదయం రాజు, "మా పసిపాప ఉయ్యాల ఇకనుంచి ఈ గట్టునే వేయండి" అన్నాడు. దాది పాపను ఎత్తుకుని వచ్చింది. శాస్త్రి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"ప్రభూ, ఇది విషం. పాపను వెనక్కి పంపండి."

"తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నాను. ముంచమంటే ముంచండి. ఒకవేళ నేను మునగకపోతే?"

"నువ్వడిగింది ఇస్తాను. తోసెయ్యండి వీణ్ణి!"

శాస్త్రి ఊపిరి బిగబట్టాడు. పాదరసం మీద ఇనుప మేకులు తేలడం మామ దగ్గర చూశాడు గాని, మనిషి తేలడం ఎన్నడూ చూడలేదు. దబ్బున పడ్డాడు. చల్లని బరువేదో కింద నుంచి అతన్ని ఎత్తి పట్టుకుంది. కళ్ళు తెరిచేసరికి పరుపు మీద ఉన్నట్టు పైనే ఉన్నాడు. కావలివాళ్ళు కెవ్వున అరిచి వెనక్కి తగ్గారు.

"మహాప్రభూ! మునగాలని నా శాయశక్తులా ప్రయత్నిస్తున్నాను. ఈ కొలనే మీ ఆజ్ఞను లెక్కచేయడం లేదు. రాజాజ్ఞ మీరినవారికి మన రాజ్యంలో ఏం శిక్ష?"

"మరణదండన" అన్నాడు రాజు, అలవాటుగా.

"అయితే ఈ రాజద్రోహికి మూతవేసి, ద్వారానికి గోడ కట్టించండి. నేనడిగేదీ అదే."

రాజు నోరు తెరిచాడు. ఒక్కసారిగా నవ్వు వచ్చింది. వాచి నల్లబడ్డ చిగుళ్ళు కనిపించేలా, చొంగ కారేలా నవ్వాడు. ఆ నవ్వు మందిరమంతా తిరిగి, చాలాసేపటికి గాని ఆగలేదు.

శాస్త్రిని పైకి లాగారు. దాది దగ్గరికి రాబోయింది.

"నా బట్టల్లో ఇంకా ఆ బిందువులున్నాయి తల్లీ, దూరంగా ఉండు. పాపను ఎండలోకి తీసుకుపో" అన్నాడతను.

సాయంత్రానికి ద్వారం మూసుకుపోయింది. స్నానం చేసి కొలువుకు వచ్చిన శాస్త్రికి బహుమానంగా రాజు తన ముత్యాలహారం తీయబోయాడు. వేళ్ళు వణికి ముడి ఊడలేదు. శాస్త్రి మెల్లగా ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు.

"హారానికేం తొందర ప్రభూ? ముందు బయటికి రండి, గాలి తగులుతుంది."

గజాంకదేవుడు గోడల వైపు ఓసారి చెవి ఒగ్గి, చిన్నగా నవ్వి, అతని వెంట నడిచాడు.