రంపపు మిషన్ ముందు హైమావతి

తవిటాచారి మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు ఆయన నోటినుంచి వచ్చేది కాదు. అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక పని వచ్చేది. బొబ్బిలిలో ఆయన వడ్రంగం నేర్పే శిక్షణ కేంద్రంలో ఈ సంగతి అందరికీ తెలుసు. అందుకే హైమావతి చాలా రోజులు అడగకుండా ఊరుకుంది.

ఆమెకు ఉలి పట్టడం వచ్చు. బీరువా తలుపుకు అతుకు కనబడకుండా కుదర్చడం వచ్చు. రానిదల్లా రంపపు మిషన్ ముందు నిలబడటమే. అది మోత మొదలుపెట్టిందంటే రెండడుగులు వెనక్కి వేసేది. తెల్లారితే సర్టిఫికెట్ పరీక్ష. మిషన్ మీద పలక చీల్చి చూపించాలి. నెగ్గితే ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పని. లేకపోతే మళ్లీ గోనెసంచులు కుట్టుకోవడమే.

"మాస్టారూ, ఈ భయం ఎప్పుడు పోతుందండీ?" అని అడిగేసింది.

మాస్టారు గోడవార ఉన్న టేకు పలకల్లో ఒకటి తెచ్చి మిషన్ బల్ల మీద పెట్టారు.

"నిలువునా చీల్చమ్మా. అవతలివైపు నేను అందుకుంటాను."

బ్లేడు పలకలోకి దిగింది. కొంతదూరం కోత సాఫీగానే సాగింది. అంతలో మోత మారింది. కీచుమనేది కాస్తా మూలుగులోకి దిగింది. కాలిన చెక్క వాసన గుప్పుమంది. కోసిన రెండు పాయలూ దగ్గరకు నొక్కుకుంటూ బ్లేడును పట్టేస్తున్నాయి. పలక ఆమె చేతుల కింద అదిరింది.

తోటి విద్యార్థి సింహాచలం సాయానికని పరుగున వచ్చి, ఆమె వెనక, సరిగ్గా పలకకు ఎదురుగా నిలబడ్డాడు. "నెట్టక్కా! ఆగితే ఇరుక్కుపోద్ది!"

తప్పుకోమని మాస్టారు చెయ్యి విసిరారు. అతను చూడలేదు.

ఒక్క తోపు తోసేస్తే గండం గడుస్తుందని హైమావతికీ అనిపించింది. అన్నీ వదిలేసి పారిపోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. ఎడమచేత్తో పలకను బల్లకేసి అదిమిపట్టి, కుడిచేత్తో బల్ల కింద తడుముకుని స్విచ్చి ఆపేసింది. బ్లేడు పూర్తిగా నిలిచేదాకా చెయ్యి తియ్యలేదు.

మాస్టారు కోత సందులో సన్నటి చెక్కముక్క ఒకటి దిగ్గొట్టారు. బిగుసుకున్న పలక టప్పున విడింది.

"నెట్టి ఉంటే పలక వెనక్కి తన్నేదిరా," అన్నారు సింహాచలంతో. "నీ గుండెల మీదకే."

సింహాచలం మెల్లగా పక్కకు జరిగాడు.

మాస్టారు బల్ల మీదినుంచి చెయ్యెత్తారు. ఎత్తిన చోట చెమటతో తడిసిన అరచెయ్యి ముద్ర, అయిదు వేళ్లతో, స్పష్టంగా మిగిలింది. హైమావతి దాన్ని చూసింది. ఆయన్నీ చూసింది.

"మీకు కూడానా మాస్టారూ?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముందు చెయ్యి, ఆ తర్వాత బల్ల తుడిచారు.

"పలక పట్టుకో అమ్మా," అన్నారు. "ఇంకా సగం ఉంది."