రావివరమ్మ మేనమామ

చిదంబరయ్య గారికో అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. "పద, అలా వెళ్లొద్దాం" అంటారు.

ఆ సాయంత్రం ఆశ్రమంలో శిష్యుడు పరాంకుశం అడిగాడు: "ఏ ఊరూ తమది కానివాళ్లని మన ఊళ్లో ఎందుకు ఉండనివ్వాలండీ?"

అడగడానికి కారణం లేకపోలేదు. ఊరూరా తిరిగి పూసలూ పిన్నీసులూ దువ్వెనలూ అమ్ముకునే పూసలవాళ్లు రావివరం పొలిమేరలో డేరాలేశారు. వాళ్లను చీకటి పడేలోగా పంపించెయ్యాలని సర్పంచి సింహాద్రినాయుడు మనుషుల్ని వెంటేసుకుని బయల్దేరాడు. పైన చూస్తే మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. అక్కడేమో ఒక డేరాలో ముందురోజే ఓ పిల్ల పుట్టింది.

గురుశిష్యులు వెళ్లేసరికి నాయుడు కేకలేస్తున్నాడు. గురవమ్మ అనే ముసలావిడ మాత్రం నవ్వుమొహంతో, పొత్తిళ్లలో మనవరాలితో ఆయనకే ఎదురొచ్చింది.

"వచ్చావా బాబూ. పొద్దుట్నించీ నీకోసమే చూస్తన్నాం."

నాయుడు తెల్లబోయాడు. చిదంబరయ్య గారు మెల్లగా అడిగారు, "ఎందుకమ్మా?"

"మాలో పిల్ల ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి పేరే సామీ. దీని అయ్య కొండవలసయ్య. ఇది రావివరమ్మ. పుట్టినూరోళ్లు పిల్లకి మేనమామలు. మామ వచ్చి పిల్ల చేతికి నల్లపూసలు కట్టి పేరు పిలిస్తేనే పొలిమేర దాటిస్తాం. ఇంతమందిని ఎంటబెట్టుకొస్తంటే, పేరు పెట్టడానికే అనుకున్నాం."

నల్లపూసల దారం అందించింది. నాయుడు వెనక్కి తిరిగి చూశాడు. అందరూ నేలచూపులు చూస్తున్నారు. పిల్ల ఆవలించింది.

"నాకు ముడెయ్యడం సరిగా రాదు" అని గొణుగుతూనే ఆ చిట్టి చెయ్యి పట్టుకున్నాడు. ముడి రెండుసార్లు జారింది.

"పేరు పిలు బాబూ."

"రావివరమ్మా" అన్నాడు గొంతు సవరించుకుని. సొంత ఊరి పేరు అంత మెత్తగా ఆయన నోట ఎవరూ ఎన్నడూ వినలేదు.

చినుకులు మొదలయ్యాయి. నాయుడు తన మనుషుల మీద విరుచుకుపడ్డాడు. "చూస్తారేంట్రా, వెళ్లి బడి తాళం తియ్యండి. పచ్చి బాలింత తడిసిపోదూ. వానలు వెలిసేదాకా ఎవరూ కదిలేది లేదు."

పరాంకుశానికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది. తడుస్తూ ఆశ్రమానికి తిరిగొచ్చాక, "నా ప్రశ్న..." అని నసిగాడు.

చిదంబరయ్య గారు గుమ్మం దగ్గర చెప్పులు విడిచారు.

"నన్నెందుకయ్యా అడగడం? ఆ పిల్లకి మాటలొచ్చాక, పేరు పెట్టి పిలిచి తననే అడుగు."