తొలి దోసెడు

"గురువుగారూ, వాళ్లు మన కూడేమీ లాక్కోలేదు. అయినా వాళ్లంటే ఊరికి ఇంత ఒళ్లుమంట ఎందుకు?" అని లోకనాథం అడిగాడు. అడిగింది భజన మాస్టారు పైడయ్యగారిని. ప్రశ్నకి జవాబు చెప్పడం ఆయన అలవాటు కాదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎటో బయల్దేరడమే అలవాటు. ఆ పొద్దున సముద్రపొడ్డున జరిగే పంచాయితీకి తీసుకెళ్లారు.

వాళ్లంటే, రంగంలో, అదే బర్మా రంగూన్‌లో, బాంబులు పడితే కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన ఆరు కుటుంబాలు. పల్లెవాళ్లు వలల పాకలో చోటిచ్చారు. ఆ పల్లెలో ఒక ఆనవాయితీ ఉంది. తెప్ప ఒడ్డుకు రాగానే తొలి దోసెడు చేపలు దిక్కులేనివాళ్లవి. మొగుణ్ణి సముద్రం మింగేసిన కొర్లమ్మకి తొమ్మిదేళ్లుగా అవి దక్కుతున్నాయి. ఇప్పుడు కులపెద్ద దానయ్య తొలి దోసెడు రంగంవాళ్లకి, రెండోది కొర్లమ్మకి అన్నాడు. ఆమె గంపలో ఒక్క చేప తగ్గితే ఒట్టు! అయినా ఆమెకి నిద్ర పట్టలేదు. రంగం నుంచి వచ్చిన సూరమ్మ కొంగులో చేపలు పడుతుంటే చూడలేక మొహం తిప్పుకునేది.

"దానికి మొగుడున్నాడు, సంకన బిడ్డుంది. పైన జాలి కూడానా?" అని ఇరుగుపొరుగుతో పళ్లు నూరేది. చివరికి ఒకరోజు, రంగంవాళ్లు వలదారం దొంగిలిస్తుంటే కళ్లారా చూశానంది. అంతే! "నేనూ చూశాను" అంటూ ఇరవైమంది తేలారు. ఇన్నాళ్లూ వాళ్ల కళ్లు ఏమయ్యాయో మరి!

కొర్లమ్మ ఆ రోజు మోకాలిలోతు నీళ్లలో నిలబడి గంగమ్మ మీద ప్రమాణం చేయాలి. చేస్తే రంగంవాళ్లు పాక ఖాళీ చేయవలసిందే. సూరమ్మ అప్పటికే మూట కట్టేసి, పసిదాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఎక్కడికి పోవాలో ఆమెకే తెలీదు.

కొర్లమ్మ నీళ్లలోకి దిగింది. మొగుణ్ణి మింగిన నీళ్లే అవి.

"నాను సూడ్నేదు," అంది చివరికి. "ఆళ్లు దొంగలు కారు. కడుపుమంటకి అనీసినాను. తొమ్మిదేళ్లు నా పేరే ముందు పిలిసినారు. అయ్యో కొర్లమ్మా అన్నారు. ఇప్పుడా అయ్యో కూడా ఆళ్లకే పోనాది. నాకింకేటుంది?"

అంటూ నీళ్లలోనే కూలబడి ఏడ్చింది. దానయ్య తల వంచుకుని, "ఉండండమ్మా, ఎక్కడికీ పోవద్దు," అన్నాడు. సూరమ్మ మూట కింద పెట్టింది. ఇరవైమందీ ఇసుక దులుపుకుని తలో దిక్కుకీ జారుకున్నారు.

తిరిగొస్తుంటే లోకనాథం ఉండబట్టలేకపోయాడు. "ఎంత ఏడుపు గురువుగారూ ఆవిడది! పిలుపు ఒక్క వరస వెనక్కి పోయిందని ఆరు సంసారాలని వీధిన పడేయబోయింది!"

మాస్టారు నడక ఆపలేదు.

"తనకేం తగ్గిందో ఆవిడ నలుగురిలో చెప్పుకుంది. చూశామన్న ఇరవైమందిలో నువ్వూ ఉన్నావటగా. నీకేం తగ్గింది నాయనా?"