ఖాళీ తేనెకుండల గౌరవం

అనగనగా ఒక అడవిలో ఎలుగుబంట్లకు ఒక ఆచారం ఉండేది. తేనె తాగేశాక కుండను పారేయరు. వాకిట్లో నోరు పైకి పెట్టి వరుసగా పేరుస్తారు. ఎన్ని ఖాళీ కుండలుంటే అంత గొప్ప ఇల్లు.

గుబురయ్య అనే ఎలుగుబంటి వాకిట్లో నడవడానికి దారే లేదు. వానలకు ఆ కుండలన్నీ నీళ్లతో నిండాయి. ఆ సాయంత్రం అతని కూతురు గోరింటకు పెళ్లిచూపులు. అవతలి కొండ నుంచి కొండలయ్య తన కొడుకును తీసుకుని వస్తున్నాడు. ఈ సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని గుబురయ్యకు పొద్దుటి నుంచీ గుబులే.

పక్కింటి బర్రె సింగారమ్మ ఒంటినిండా బురద పూసుకుని వచ్చింది.

"అన్నయ్యా, ఆ కుండలు బోర్లించు. దోమలు గుడ్లు పెడుతున్నాయి."

"చుట్టాలొచ్చే రోజునా? పరువు పోదూ!"

"పోనీ, వేపాకు పొగ వెయ్యి."

"పొగకు పిల్ల నల్లబడుతుందమ్మా."

సింగారమ్మ ఎలుగుబంటి పిల్లను ఒకసారి ఎగాదిగా చూసింది.

"స్నానమైనా చెయ్యి. చెమటకు దోమలు ముసురుతాయి."

"అవి వచ్చేది చెమటకు కాదు, నా రక్తం తీపికి. తరతరాలుగా తేనె తాగిన వంశం మాది!"

చీకటి పడే వేళకు చుట్టాలు వచ్చారు. వెనకే దోమలూ వచ్చాయి. గోరింట పాట ఎత్తుకుంది. నోట్లో దోమ దూరింది. ఇంతలో పెళ్లికొడుకు ఛట్‌మని తండ్రి చెంప వాయించాడు.

"నన్నే కొడతావురా! పద ఇంటికి!" కొండలయ్య లేచాడు.

గుబురయ్య తన ముక్కు మీది దోమను బతిమాలాడు. "తల్లీ, నా తీపి రక్తం తాగు. చుట్టాలను వదిలెయ్యి."

"తీపా? మాకేం తెలుసు మామా! రొప్పుతున్నావు, చెమటోడుతున్నావు, నల్లగా ఉన్నావు. అందుకే వచ్చాం. పైగా మేం పుట్టింది నీ కుండల్లోనే. పుట్టింటికి రాకూడదా?"

గుబురయ్య కుండల వంక చూశాడు. కూతురి వంక చూశాడు. గబగబా వెళ్లి అన్నిటికన్నా పెద్ద కుండను బోర్లించాడు. నీళ్లలో దోమపిల్లలు గిలగిల్లాడాయి. ఆ తర్వాత ఒక్క కుండనూ వదల్లేదు. గోరింట వేపాకు పొగ వేసి, అందరినీ గాలి బాగా తగిలే బండ మీదికి నడిపించింది. ఆ గాలికి దోమలు నిలవలేకపోయాయి.

కొండలయ్య చెంప తడుముకున్నాడు. "బావగారూ, మా వాకిట్లోనూ ఇవే కుండలు. వీడు రోజూ సాయంత్రం నన్ను కొడుతుంటే, పెళ్లి చెయ్యలేదని కోపం అనుకున్నాను! అందుకే పరుగున వచ్చాను."

గోరింట నవ్వింది. "ముందు మీ కుండలు బోర్లించి రండి మామయ్యా. ముహూర్తం ఆనక చూద్దాం."

నీతి: గొప్ప కోసం వాకిట్లో నీళ్లు నిలవబెడితే, ముందుగా చేరే చుట్టాలు దోమలే.