జాబితాలో లేని పేరు

పూర్ణబోధస్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక చిన్న పని పురమాయించేవారు. పని ముగించుకుని వచ్చేసరికి కొందరికి జవాబు దొరికేది. కొందరు ప్రశ్నే మరిచిపోయేవారు. త్రినాథరావు అనే శిష్యుడు మాత్రం తన ప్రశ్న ఎందుకు అడిగానా అని చాలాకాలం తలదించుకుని తిరిగాడు.

స్వామివారి ఆశ్రమం అలకనంద ఒడ్డున ఒక కొండ మలుపులో ఉండేది. శిష్యుల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఏటా జ్యేష్ఠమాసంలో మంచు కరిగి దారి తెరుచుకున్నాక, పన్నెండు మంది కలిసి నీలతాల్ అనే సరస్సుకు నడిచి వెళ్లేవారు. పదమూడు వేల అడుగుల ఎత్తున, నీటి ఒడ్డునే గుడారాలు వేసుకుని, మూడు రోజులు మౌనంగా గడిపి వచ్చేవారు. ఏర్పాట్లన్నీ త్రినాథరావు చేతిమీదుగా జరిగేవి. ఆయన విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి వచ్చిన మనిషి. ఏ మజిలీలో ఆగాలి, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడడానికి ఎక్కడ ఒక రోజు అదనంగా ఉండాలి, సామాను మోయడానికి కంచరగాడిదలు ఎన్ని కావాలి, అన్నీ మూడు నెలల ముందే కాగితం మీద పెట్టేవాడు. క్రితం ఏడాది ఒక పెద్దాయన నడవలేక కూలబడితే, సరస్సు ఇంకో గంట దూరంలో ఉందనగా అందరూ వెనక్కి తిరగవలసి వచ్చింది. ఈసారి అలా కానివ్వకూడదని ఆయన పట్టుదల.

ఆ చైత్రంలో వంటమనిషి అప్పలనరసమ్మ కూడా వస్తానంది. బొబ్బిలి వైపు మనిషి, అరవై దాటాయి. పదకొండేళ్లుగా సరస్సుకు వెళ్లేవాళ్లందరికీ తిండి మూటలు కట్టి పంపిందే కానీ, ఆ సరస్సు ఎలా ఉంటుందో ఎరగదు. "ఒక్క మారు సూసొత్తాను బావూ. ఆ నీళ్లు నీలంగా ఉంటాయంటారు కదా," అని అడిగింది. ఆశ్రమానికి వచ్చిన డాక్టరు అందరితోపాటు ఆమెనూ పరీక్షించి, వెళ్లవచ్చునని రాసిచ్చాడు. ఆ కాగితం త్రినాథరావు దగ్గరే ఉంది. కానీ ఆమె నడక నెమ్మది. ఆ సంగతి మొహం మీద చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "నీ గుండె కొంచెం బలహీనంగా ఉందట నరసమ్మా. పైన గాలి పలచగా ఉంటుంది. డాక్టరుగారు వద్దన్నారు," అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆయన వంక చూసి, "అయితే ఒద్దులెండి," అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఇంత తేలిగ్గా తేలిపోయిందే అనుకున్నాడు త్రినాథరావు.

ప్రయాణం నాలుగు రోజుల్లో ఉందనగా, వాక్కు గురించి పాఠం జరుగుతున్న ఒక మధ్యాహ్నం, ఆయన లేచి అడిగాడు. "స్వామీ, ఎవరికీ నష్టం లేని అబద్ధం కూడా దోషమేనా? ఎదుటివాళ్ల మనసు కష్టపెట్టకూడదని ఆడినదైతే?"

స్వామి పుస్తకం మూసి, "నరసమ్మ సరస్సుకు ఏమేం కడుతున్నదో చూసి రాసుకురా," అన్నారు.

వంటిల్లు నది పక్కన దిగువన ఉంటుంది. సరుకుల గదికి రాతిమెట్లు ఎక్కి రావాలి. త్రినాథరావు వెళ్లేసరికి నరసమ్మ నాలుగో మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన ఉల్లిపాయల బుట్ట. కళ్లు మూసుకుని, ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసుకుని, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెడుతోంది.

"ఏమైంది నరసమ్మా?"

"ఏటీ నేదు బావూ. మీరు సెప్పిన కాడినుంచీ మెట్టుకో పాలి ఆగతన్నాను. ముందు తెల్దు కదా, గంగాళాలు కూడా ఎత్తేసేదాన్ని. ఇప్పుడు సెయ్యేసి సూత్తే దడదడమంటంది." ఆమె నవ్వబోయింది. "కొత్తగా వచ్చిన గౌరమ్మకి వంటంతా నేర్పేసినాను. నా కోకలు రెండు మా సెల్లికి అంపేసినాను, ఉంచుకుని ఏటి సేత్తాను? మీరు సెప్పబట్టి గానీ, నేకపోతే ఆ కొండ మీదే పోయి మీ అందరికీ కట్టం తెచ్చుదును. మీ రుణం తీరదు బావూ."

మెట్ల పక్కన వరుసగా పన్నెండు సంచులు కట్టి ఉన్నాయి. పేలపిండి, బెల్లం, వేయించిన శనగలు, చలికి శొంఠిపొడి. ఒక సంచిలో మాత్రం వాముపొడి పొట్లం అదనంగా ఉంది. "అది మీదే. మీకు కడుపు పడదు కదా," అందామె.

త్రినాథరావు ఆమె పక్కన మెట్టు మీదే కూలబడి, "నరసమ్మా, నీ గుండెకేమీ లేదు. నేను అబద్ధం చెప్పాను," అన్నాడు.

ఆమె ఆయన మొహంలోకి జాలిగా చూసింది. "ఊరుకోండి బావూ. నాకు దైర్నం సెప్పాలని మీరు అబద్దమాడకండి."

ఆయన పరుగున వెళ్లి కాగితం తెచ్చి చదివాడు. ఆమె తల ఊపి విని, మళ్లీ రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. మర్నాడు పట్నం నుంచి డాక్టరును జీపులో పిలుచుకొచ్చాడు. డాక్టరు శ్రద్ధగా చూసి, గుండె నిక్షేపంగా ఉందని నవ్వుతూ చెప్పాడు. ఆ జీపు మలుపు తిరగకముందే నరసమ్మ గౌరమ్మతో అంటున్నది ఆయన చెవిన పడింది. "పాపం, త్రినాథబాబు ఆ డాక్టరుగారిని ఎంత బతిమాలినారో."

సరస్సుకు రమ్మని ఎంత అడిగినా ఆమె రానంటే రానంది. బయలుదేరే రోజు ఉదయం త్రినాథరావు జాబితాలో తన పేరు కొట్టేసి, మజిలీల కాగితం సదానందం అనే మరో శిష్యుడి చేతికిచ్చాడు. కంచరగాడిదల మీద గుడారాలు ఎక్కించారు. మిగిలిన పదకొండు మందీ గేటు దాటారు. సాగనంపడానికి మెల్లగా పైకి వచ్చిన నరసమ్మ ఆయనను చూసి నిర్ఘాంతపోయింది. "నా మూలాన మీరు ఆగిపోనారా బావూ! నాకంత దగ్గిరికొచ్చేసిందా?" అంది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

త్రినాథరావు అక్కడ నిలబడలేకపోయాడు. తిన్నగా స్వామి గదికి వెళ్లి, తలుపు దగ్గరే సాష్టాంగపడి, జరిగినదంతా దాచకుండా చెప్పాడు. తాను ఎంతో నీచానికి దిగజారానని, ఆమె తన రుణం తీరదంటుంటే చచ్చిపోవాలనిపించిందని, నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదని, గుండెల మీద బండ పెట్టినట్టుందని, ఈ జన్మలో మళ్లీ ఆ సరస్సు మొహం చూడనని ఏడ్చాడు. తనకు ఏదైనా ప్రాయశ్చిత్తం విధించమన్నాడు.

స్వామి చివరిదాకా విన్నారు. కిటికీలోంచి చూస్తే గేటు పక్కన రాతి అరుగు మీద నరసమ్మ రొమ్ము మీద చెయ్యి వేసుకుని ఇంకా కూర్చునే ఉంది.

"ఇంతసేపూ నీ గుండె సంగతే చెప్పావు నాయనా," అన్నారు స్వామి.