తాన్ వారింటి నాలుగు పట్లు

ఒట్టు, నువ్వు నమ్మవే! నా మనవరాలివై ఉండీ నమ్మవు. జిల్లా మొత్తానికి ఈ కథ తెలిసింది నాకొక్కదానికే. సరే, ఇటు జరిగి పడుకో.

అనగనగా చీనా దేశంలో, కొండ పక్కన ఒక ఊళ్ళో, తాన్ వారని వస్తాదుల కుటుంబం ఉండేది. గుమ్మం మీద ఎర్ర చెక్క, దాని మీద బంగారు రంగులో వంశం పేరు. వాళ్ళవి నాలుగే పట్లు. గుద్దడం, తన్నడం, ఎత్తి విసరడం, కదలకుండా నిలబడడం. ముత్తాత గుద్దితే కొండకి సొట్ట పడిందట! ఆ సొట్టలో ఇప్పటికీ మేకలు పడుకుంటాయి.

ఆ ముత్తాతకి ఒకటే దిగులు. అన్నీ నేర్పితే కొడుకు తననే కొడతాడేమోనని. అందుకని గుద్దు దాచుకుని మూడే నేర్పాడు. పోయేముందు చెబుదామని నోరు తెరిచాడు, తుమ్మొచ్చింది, అంతే. ఆ తర్వాత తాత తన్నడం దాచుకుని రెండే నేర్పాడు. ఆయనా చివర్లో చెప్పబోయాడు గానీ, నోటినిండా వేడి కుడుము. అదీ పోయింది. ఆ తర్వాత నాన్న విసరడం దాచుకుని, కూతురు చిన్‌యూకి ఒక్కటే నేర్పాడు. నిలబడడం.

పాపం, ఆ పిల్ల అయిదో ఏటినించీ నిలబడింది. ఎంత నిలబడిందంటే, కాళ్ళ కింద నేల మోకాలి లోతు దిగిపోయింది. కోళ్ళు చెట్టనుకుని భుజమ్మీదెక్కి కునుకు తీసేవి.

ఒకరోజు పొద్దున్నే పెంగ్ వస్తాదని దున్నపోతంత మనిషి వచ్చాడు. "నన్ను గెలవండి. లేదా ఆ చెక్క దింపి నా చేతికివ్వండి. మీ వంశం ఇవాళ్టితో సరి!" అన్నాడు.

నాన్న వెంటనే నడుం పట్టుకున్నాడు. "అబ్బా, పట్టేసిందే తల్లీ!"

"పోనీ ఆ విసరడం ఇప్పుడైనా చెప్పు నాన్నా!"

"చెబితే నన్నే విసిరేస్తావేమోనే!"

చిన్‌యూకి ఏడుపొచ్చింది. ఆ చెక్క పోతే ఇక తాన్ వారని ఎవరంటారు? వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

అప్పుడు పెంగ్ గుద్దాడు. వాడి వేళ్ళే వాచాయి. "అన్నా, కాస్త ఎడంపక్క గుద్దు, దురదగా ఉంది" అంది పిల్ల. అప్పుడు తన్నాడు. బొటనవేలు బూరెలా పొంగింది. ఆ తర్వాత నడుం పట్టి ఎత్తబోయాడు. వాడి చెప్పులు నేల్లో దిగబడ్డాయి గానీ పిల్ల లేవలా. చివరికి కూలబడి, "చెల్లెమ్మా, ఈ ఒక్కటీ నాకు నేర్పవూ?" అని భోరుమన్నాడు.

"చెప్పకే! దాచుకో!" అని వెనకనించి నాన్న సైగలు.

"నాకున్నదే ఒకటి నాన్నా. ఇదీ దాచేస్తే, ఇంక ఆ చెక్క దేనికి? పొయ్యిలోకా?" అంది చిన్‌యూ.

అని నేర్పేసింది. అప్పుడు పెంగ్ సిగ్గుపడి, తన గుద్దూ తన్నూ ఆమెకి నేర్పాడు. అది చూసి నాన్న ఉండబట్టలేక, "ఆగండర్రా, విసరడం నేను చెబుతా!" అని పరిగెత్తుకొచ్చాడు. నడుం నొప్పి ఏమైందో మరి! చిన్‌యూ నేర్చుకుంటూనే ముందు ఆయన్నే విసిరింది. పక్క ఊరి గడ్డివాములో పోయి పడ్డాడు. అక్కణ్ణించే, "భేషే తల్లీ, భేష్! ఇంకోసారి!" అని అరిచాడు.

ఏంటే ఆ నవ్వు? కోతలంటావా? అయితే చీనా వెళ్ళి, చిన్‌యూని ఒక్క అంగుళం జరిపి రా. అప్పుడు ఒప్పుకుంటా.

కథ కంచికి పోతోంది, కాళ్ళుంటే ఆపు చూద్దాం!
నిద్ర కంటికి వస్తోంది, దమ్ముంటే ఆపు చూద్దాం!